దాని వంక చూడకండి

లోపలికి రండి. చెప్పులు బయటే వదిలేయండి. ఆ గొడుగు కూడా అక్కడే గోడకి ఆనించేయండి, లోపలికి తెస్తే ఇంట్లో ఒకరు దాన్ని కర్ర అనుకుంటారు. తలుపు నేను వేస్తాను. గడియ చప్పుడు కాకుండా వెయ్యడం ఈమధ్యే చేతికి అలవాటైంది. హాల్లో ఎడమ పక్క భోజనాల బల్ల ఉంది, దాని మీంచి మా అత్తయ్యగారి పాత నేతచీర నేల దాకా వేలాడుతోంది, కనబడిందా? చాలు. ఇక దాని వంక చూడకండి.

మీరొచ్చిందే దాన్ని చూడ్డానికని తెలుసు. కాసేపు ఓపిక పట్టండి. ఆ కుర్చీ కొంచెం పక్కకి తిప్పుకుని కూర్చోండి. కాళ్ళు ఊపకండి. మాటలు మామూలుగానే మాట్లాడుకుందాం, గుసగుసలాడితే మనిద్దరం ఏదో కుట్ర పన్నుతున్నట్టుంటుంది. కాఫీ తాగుతారుగా? నేను లేచేముందు "లేస్తున్నానే" అని చెప్పి మరీ లేస్తాను, నవ్వకండి. ఈ ఇంట్లో ఇప్పుడు అందరం అంతే. మా ఆయనైతే ఆఫీసు నుంచి రాగానే గుమ్మంలో నిలబడి "వచ్చానే" అని ప్రకటిస్తారు. ఇన్నేళ్ళ కాపురంలో నాకెప్పుడూ దక్కని మర్యాద అది.

మృగశిర కార్తె దాటి, వానలు మొదలైన వారంలో తెచ్చాం దీన్ని. ఊరి చివర ఒక షెల్టరు నుంచి తార్నాకలో మా మూడో అంతస్తు దాకా, కారు వెనక సీటు ముందు నేలకి కరుచుకుని వచ్చింది. దారంతా తల ఎత్తలేదు. అచ్చం మన వీధికుక్కే. రెండేళ్ళుంటాయన్నారు. చెవి కొస కత్తిరించి ఉంటుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయిందని గుర్తు అది, అదే కుక్కని మళ్ళీ పట్టుకుపోకుండా పెట్టే ఆనవాలు. రంగు చూసి మా వాడు బూరె అని పేరు పెట్టాడు. పిలిస్తే పలకదనుకోండి, ఆ సంగతి వేరే.

అదిగో, చీర అంచు కదిలింది. వద్దొద్దు, కాఫీ వంక చూడండి. నేను చెప్తాను. ముక్కు ఒక్కటే బయటికొచ్చింది. తడిగా, నల్లగా, అటూ ఇటూ ఆడుతోంది. మీ పంచె అంచుకంటిన వాన బురద, మీరెక్కి వచ్చిన ఆటో, మీ ఇంట్లో పిల్లి ఉంటే ఆ పిల్లి, అన్నీ పసిగట్టేస్తోంది. ఇప్పుడు ఓరకంట చూడొచ్చు. ఆవులించింది. నిద్రొచ్చి కాదు. నాలుక చాపి ముక్కు నాకేసుకుంది, మొహం పక్కకి తిప్పేసుకుంది. తూరిద్ రూగోస్ అని నార్వేలో ఒక శిక్షకురాలు ఇలాంటి చిన్న చిన్న సైగల మీదే పుస్తకం రాశారు. నాకు ఇబ్బందిగా ఉంది, గొడవొద్దు అని కుక్క చెప్పుకునే పద్ధతులట ఇవి. మనం పక్కకి తిరిగి కూర్చోవడం కూడా దానికి అదే మాటగా అందుతుంది. కళ్ళల్లో కళ్ళు పెట్టి తేరిపార చూస్తే మాత్రం కయ్యానికి కాలు దువ్వుతున్నామనే అర్థం. మనుషుల్లో ఎవర్నైనా ఆప్యాయంగా పలకరించాలంటే ఎదురెళ్ళి, మొహంలోకి చూసి, వంగి, చెయ్యి చాస్తాం. భయపడ్డ కుక్కకి ఆ నాలుగూ నాలుగు బెదిరింపులే.

పాపం ఎవరో బాగా కొట్టుంటారు అంటారా? వచ్చినవాళ్ళందరూ అదే అన్నారు. అయ్యుండొచ్చు. ఎవరూ చెయ్యి చేసుకోకపోయినా ఇలాగే ఉండొచ్చు. కుక్కపిల్లకి మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా ఒక అదను ఉంటుంది. ఆ అదనులో మనిషి చెయ్యి తగిలిన పిల్లకి మనిషి లోకంలో ఒక భాగం. లేకపోతే కాదు. ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ అనే ముగ్గురు అమెరికా పరిశోధకులు కంచె కట్టిన స్థలంలో కొన్ని కుక్కపిల్లల్ని మనుషుల పొత్తు లేకుండా పెరగనిచ్చి, ఏం జరిగిందో 1961లో ప్రచురించారు. పద్నాలుగు వారాల దాకా మనిషి తగలని పిల్లలు ఆ తర్వాత ఎంత చేసినా దగ్గరికి రాలేదు. వాటినెవరూ కొట్టలేదు, తిట్టలేదు. బూరె ఆ వయసులో ఏ సెల్లార్లో ఉందో, కడుతున్న ఏ బిల్డింగు ఇసక గుట్ట మీద పెరిగిందో మాకు తెలియదు. కాస్తో కూస్తో మనుషులు తగిలే ఉంటారు, లేకపోతే ఇలా ముక్కయినా బయటపెట్టేది కాదు. దాని గతానికి కథలల్లడం నాకు నచ్చదు. ఎవడో కొట్టాడని వాడి మీద కోపం తెచ్చుకోవడం తేలిక. రోజూ సాయంత్రం పని మానుకుని ఇలా పక్కకి తిరిగి కూర్చోవడమే కష్టం.

ఇదిగో, ఈ గిన్నెలోంచి ఒక ముక్క తీసుకోండి. కోడి కార్జం. ఉప్పు లేకుండా ఉడకబెట్టి గోరంత ముక్కలు చేసింది. ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు, వాటివల్ల కుక్కల రక్తంలో ఎర్రకణాలు దెబ్బతింటాయి. చేత్తో పట్టుకుని "రా, రా" అనకండి. దాని ముందుకీ వెయ్యకండి. దాని వెనక పడేట్టు, బల్ల అవతలి కొసకి విసరండి.

వింతగా ఉంది కదూ? చేతిలో ముక్క చూపించి పిలిస్తే ఆశ ఇటు లాగుతుంది, భయం అటు లాగుతుంది. వెనక కాళ్ళు ఉన్నచోటే ఉంచి, మెడ సాగదీసి ముక్క అందుకుంటుంది. నోట్లో పడ్డాక చూసుకుంటే ఎదురుగా మనిషి! హడలి చస్తుంది. అలా హడలినప్పుడే కుక్కలు కరుస్తాయి కూడా. అదే వెనక్కి విసిరామనుకోండి, తిండీ దొరుకుతుంది, మననుంచి దూరమూ దొరుకుతుంది. ఆ దూరం దానికి కార్జం కంటే రుచి. విన్నారా, నమిలిన చప్పుడు? ఇప్పుడు తిరిగొస్తుంది. ఎవరూ పిలవలేదు, తనే వస్తోంది. ఈసారి ముక్కుతోపాటు ఒక కన్ను, ఒక చెవి చీర దాటాయి. వెళ్ళిపోవడానికి దానికి దారుంది కాబట్టే వస్తోంది. ఆ దారి మూసేసి, గొలుసు వేసి ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే అలవాటైపోతుందని చాలామంది చెప్పారు. నిజమే, కదలకుండా కూర్చుంటుంది. దాన్ని మనం నెమ్మది అనుకుంటాం. తప్పించుకునే ఆశ వదిలేసుకున్న కుక్క కూడా సరిగ్గా అలాగే కూర్చుంటుంది.

మా వాడికి ఈ సంగతి ఒప్పించడానికి తలప్రాణం తోకకొచ్చింది. ఆరో తరగతి పిల్లాడు, కుక్క కావాలని మూడేళ్ళు ఏడ్చి సాధించాడు, తీరా వచ్చాక ముట్టుకోవద్దంటే ఎలా? చివరికి వాడికో పని అప్పగించాం. రోజూ బల్లకి కాస్త దూరంలో బోర్లా పడుకుని సోషల్ పాఠం పైకి చదవాలి. దానికేసి చూడకూడదు. గొంతు అలవాటు పడుతుంది, మనిషి కదలకుండా ఒకచోట ఉంటాడు, చేతులు పుస్తకం మీద ఉంటాయి. కాకతీయుల చెరువుల గురించి బూరెకి తెలిసినంత ఈ కాలనీలో ఏ కుక్కకీ తెలియదు.

ఇంకోసారి పొద్దున పూట రండి, పనమ్మాయి వచ్చే వేళకి. చీపురు తతంగం చూద్దురుగాని.

బూరెకి భయం లేని మనుషులు లేరుగానీ, వస్తువుల్లో మాత్రం చీపురుని మించింది లేదు. పనమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకుందంటే చాలు, బల్ల కింద నుంచి పడగ్గది మంచం కిందకి, గచ్చు మీద గోళ్ళు జారిపోతూ ఒకటే పరుగు. "అక్కా, నన్ను జూస్తె గట్లెందుకు ఉరుకుతది? నేనేమన్న కొట్టిన్నా?" అంది ఆ అమ్మాయి, నిజంగానే నొచ్చుకుని. నిన్ను చూసి కాదమ్మా, నీ చేతిలోదాన్ని చూసి అంటే వెంటనే నమ్మలేదు.

సరిగ్గా వేళకే వచ్చారు. ఇవాళ చీపురు హాలు మధ్యలో పడుకోబెట్టి ఉంది. ఎవరి చేతిలోనూ లేదు. చుట్టూ ఎడంగా కార్జం ముక్కలు వేశాం. మొదటిది బల్ల పక్కనే, ఆఖరిది చీపురు పిడికి జానెడు దూరంలో. పనమ్మాయి వంటింటి గుమ్మంలో చాయ్ గ్లాసుతో కూర్చుంది. మీరు ఇటు నా పక్కకి రండి, గోడకి ఆనుకోండి.

మొదటి ముక్క తినేసింది. రెండోదాని దగ్గర ఆగింది. కుడి ముందుకాలు గాల్లోనే ఉంది, కింద పెట్టడం లేదు. తోక పొట్ట కిందకి మడిచేసింది. చెవులు ముందుకి, వెనక్కి, మళ్ళీ ముందుకి. చీపురు కదలడం లేదు. కాలు దించింది. రెండో ముక్క. మూడోదానికి ఒళ్ళంతా నేలకి దించి, నడుం సాగదీసి, పెదవి కొసతో లాక్కుని, రెండంగల్లో వెనక్కి వచ్చేసింది. వచ్చాక ఒక్కసారి తల నుంచి తోక దాకా ఒళ్ళు విదిలించింది. నీళ్ళలో తడిసి కాదు, పట్టిన బిగువు దులుపుకుంటోంది. మంచిదే. నాలుగో ముక్క జోలికి వెళ్ళలేదు. వెళ్ళకపోతే మానె. అది ఎక్కడ ఆగితే ఇవాళ్టి పాఠం అక్కడికి ఆఖరు. "నా చీపురు దేవుడైపాయె, ప్రసాదం బెడ్తున్నరు" అని పనమ్మాయి నవ్వుతోంది.

రేపు అదే చీపురు గోడకి ఆనించి ఉంటుంది. ఎల్లుండో ఆ తర్వాతో ఎవరో ఒకరు దాన్ని బెత్తెడు కదుపుతారు, కదిపిన మరుక్షణం ముక్క పడుతుంది. ఎప్పటికో పనమ్మాయే ఒక చేత్తో ఊడుస్తూ ఇంకో చేత్తో ముక్కలు విసురుతుంది. ఈలోగా ఇల్లు సరిగ్గా ఊడవడం లేదని అత్తయ్యగారి గొడవ. సరిగ్గా ఊడవడం లేదన్నది నిజమే.

ఒకరోజు గుర్రుమంది కూడా. పైనింటావిడ వచ్చి, వద్దంటున్నా వంగి తల మీద చెయ్యి వెయ్యబోయింది. "గుర్రుమంటుందా? రెండు తగిలించండి, ఇప్పుడే దారికొస్తుంది" అని ఆవిడ సలహా. గుర్రుమనడం కుక్క చేసే పెద్దమనిషి పని. ముందుగా చెప్పింది కదా. ఆ చెప్పడాన్ని కొట్టి మానిపిస్తే ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. ఆవిడకి టీ, బూరెకి దూరం ఇచ్చి ఆ పూట గడిపేశాం.

ఇప్పుడు వంటింట్లో కుక్కర్ కూత పెట్టబోతోంది. మీ చేతిలో ముక్క ఉంచుకోండి. కూత మొదలయ్యాకే విసరాలి, ముందు కాదు. ముందు విసిరితే ముక్క కనబడ్డప్పుడల్లా ఏదో ఉపద్రవం రాబోతోందని నేర్చుకుంటుంది. కూత, ముక్క. కూత, ముక్క. మొదట్లో విజిల్‌కి మంచం కింద దూరి వణికేది. చూడండి ఇప్పుడు. ఉలిక్కిపడింది, అది ఇంకా పోలేదు. పడి, వెంటనే తల తిప్పి మీ చేతికేసి చూసింది. పావ్లోవ్ పాఠం ఇది, బడిలో అందరం చదివిందే. 1904లో ఆయనకి నోబెల్ వచ్చింది మాత్రం జీర్ణక్రియ మీద చేసిన పనికి. కుక్కల చొంగ కొలిచే పనిలో ఉంటే ఈ రెండోది తారసపడింది. మా ఇంట్లో దాని ఫలితం ఏమిటంటే, కందిపప్పు అవసరానికి మించి మూడు విజిల్స్ ఎక్కువ ఉడుకుతోంది.

ష్, మీ మోకాలికి ఏదో ఆనిందా? కదలకండి. చెయ్యి పైనుంచి తేకండి, తల మీదకి అసలే వద్దు. కిందనుంచి, పక్కనుంచి, ఛాతీ మీద, వేళ్ళు ముడిచి. ఒకటి, రెండు, మూడు. తీసేయండి. తీసేసి చూడండి ఏమంటుందో. అక్కడే నిలబడింది. ఇంకాస్త ఆనింది కూడా. అయితే మళ్ళీ మూడు లెక్కపెట్టేదాకా. పక్కకి తప్పుకుంటే, సరే అని ఊరుకోవాలి. కోల్‌కతా ఐసర్‌ అనే సైన్సు పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం వీధికుక్కల మీదే ఏళ్ళ తరబడి పని చేస్తోంది. ముక్కూమొహం తెలియని మనుషులు మళ్ళీ మళ్ళీ ఎదురైనప్పుడు, తిండి పెట్టినవాళ్ళకంటే నిమిరినవాళ్ళతోనే వీధికుక్కలకి నమ్మకం కుదిరిందని 2017లో వాళ్ళు ప్రచురించారు. బిస్కెట్ పుచ్చుకుని పోవడం వాటికి రోజూ ఉన్నదే, చెయ్యి తగలడమే అరుదు. అయితే అవి రోడ్డు మీద వాటంతట అవి దగ్గరికొచ్చిన కుక్కలు. మనింట్లో దానికి ఆ వీలు మనమే ఇవ్వాలి.

బయటికి తీసుకెళ్ళేటప్పుడు మాత్రం ఏ వీలూ ఇవ్వం. తెల్లవారుజామున ఐదింటికి వచ్చారంటే చూస్తారు, పాల వ్యాను రాకముందే మెట్లు దిగుతాం. లిఫ్టు ఇంకా దానికి పడదు. మెడకి బెల్టు, ఛాతీ చుట్టూ జీను, రెండిటినీ కలుపుతూ కొక్కెం, పైన తాడు. కొత్తగా తెచ్చిన కుక్కల్లో చాలా తప్పిపోయేది మొదటి వారాల్లోనే. భయపడ్డ కుక్క ముందుకి పరిగెత్తదు, వెనక్కి నడుస్తుంది. వెనక్కి నడిస్తే బెల్టు తలమీంచి ఊడి వచ్చేస్తుంది. ఊడిందంటే ఇక పేరు పెట్టి అరుస్తూ వెంటపడటమంత పనికిమాలిన పని లేదు, ఇంకా దూరం పోతుంది. ఈ సరంజామా అంతా చూసి వాచ్‌మన్ మొదటి రోజే అడిగాడు: "మేడం, గింత బందోబస్తుగ తీస్కపోతున్నరు, పెండ్లిపిల్లనా ఏంది?" అతను మాత్రం తెలివైనవాడు. స్టూలు మీంచి లేవలేదు, చెయ్యి చాపలేదు, చిటికెలెయ్యలేదు. బీడీ తాగుతూ రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు. గేటు దాటి వేపచెట్టు దాకా వెళ్ళిరావడం కుదిరిన రోజుకి, మా ఇంట్లోవాళ్ళు కాక బూరె తనంతట తాను వాసన చూసిన మొదటి మనిషి అతనే.

ఆషాఢం ఆదివారం మా వీధికి బోనాలొచ్చాయి. ఆ పూట మీరు రాకపోవడమే మంచిదైంది. తలుపులు, కిటికీలు మూసినా డప్పు దరువు గోడల్లోంచి వస్తుంది, నేలలోంచి వస్తుంది. నెత్తిన బోనంతో వెళ్ళే ఆడవాళ్ళని బాల్కనీలోంచి చూస్తూ అత్తయ్యగారు దండం పెట్టుకుంటున్నారు, నేను పడగ్గదిలో నేల మీద కూర్చున్నాను. బూరె మంచం కింద గోడమూలకి ఒదిగిపోయింది. కళ్ళల్లో తెల్లగుడ్డు కనబడుతోంది. కార్జం ముక్క ముక్కుకి ఆనేంత దగ్గర పడినా తినలేదు. నాకు తెలిసిన కొలతబద్ద అదొక్కటే. భయం హద్దు దాటితే కుక్క తినదు, అప్పుడు పాఠాలు చెప్పి లాభం లేదు. ఊరికే దగ్గర ఉండటమే. భయపడ్డప్పుడు బుజ్జగిస్తే భయం అలవాటవుతుందని ఒక మాట చెలామణీలో ఉంది. అందులో పస లేదు. భయం వేషం కాదు, మెచ్చుకుంటే పెరగడానికి.

మర్నాటికి చీపురు మళ్ళీ శత్రువైపోయింది. కుక్కర్ కూత కూడా. చీర కింద నుంచి ముక్కు రావడానికే రెండు పూటలు పట్టింది. పావ్లోవ్ కుక్కలకీ ఇదే అయింది. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్‌కి వరదొచ్చి ఆయన కుక్కల గదుల్లోకి నీళ్ళు దూరాయి. మనుషులు వెళ్ళి వాటిని ఈదించుకుంటూ బయటికి తెచ్చారు. ప్రాణాలు దక్కాయి గానీ, వాటిలో కొన్ని నేర్చుకున్నదంతా పోగొట్టుకున్నాయి. ఒకదానికి ఓపిగ్గా మళ్ళీ అన్నీ నేర్పి, కుదుటపడిందనుకున్నాక, గది తలుపు సందులోంచి కాసిన్ని నీళ్ళు పారనిచ్చారు. అంతే, మళ్ళీ కథ మొదటికొచ్చింది. ఆ సంగతి చదివాక నాకు మా బూరె మీద కాక, ఆ నీళ్ళు వదిలినవాళ్ళ మీద కోపమొచ్చింది. మేం మళ్ళీ మొదటి ముక్క నుంచి మొదలుపెట్టాం. పోయిందనుకున్న పాఠం రెండోసారి తొందరగానే వచ్చింది. నమ్మకం తుడిచిపెట్టుకుపోలేదు, దాని మీద డప్పు పడిందంతే.

వినాయక నిమజ్జనం డీజేలకి ముందే సిద్ధపడ్డాం. దీపావళికైతే పశువుల డాక్టరుగారు ముందుగానే చూసి మందు రాసిచ్చారు. ఇంట్లో ఉన్న నిద్రమాత్రలు మనమే కొలిచి వేసే పని పెట్టుకోకూడదు. టపాకాయలు రాత్రి 8 నుంచి 10 దాకానే అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మా వీధిలో ఆ తీర్పు చదివినవాళ్ళు తక్కువ. సాయంత్రం నాలుగింటికే షికారు ముగించి, కిటికీలకి దుప్పట్లు కట్టి, ఫ్యాన్లు పూర్తిగా తిప్పి, అత్తయ్యగారు టీవీలో భక్తి చానల్ పెద్దది చేశారు. లక్ష్మీ ఔట్లు మోగుతుంటే బూరె చీర కిందే ఉంది, వణికింది. వణుకుతూనే ముక్క తినేసింది. మా వాడు లోపలికి పరుగెత్తుకొచ్చి "అమ్మా, తింది!" అని అరవబోయి, నోరు నొక్కేసుకున్నాడు.

ఇక మొన్నటి సంగతి చెప్పి వదిలేస్తాను, మీకూ బస్సు టైమైంది. వచ్చినప్పటినుంచి, ఆ ఒక్క గుర్రు తప్ప, బూరె గొంతు మేం విననేలేదు. ఏడవడం లేదు, మొరగడం లేదు. ఇంత మంచి కుక్కని చూడలేదని అందరూ మెచ్చుకునేవాళ్ళు, నాకు మాత్రం ఆ మౌనం రుచించేది కాదు. మొన్న మధ్యాహ్నం పార్సిల్ కుర్రాడు బెల్లు కొట్టాడు. హాలు మధ్యలో, చీపురు పక్కనే వెల్లకిలా పడుకున్న బూరె దిగ్గున లేచి, తలుపు దగ్గరికెళ్ళి, నాలుగు కాళ్ళూ బిగబట్టి భౌ మంది. తన గొంతుకి తనే బిత్తరపోయి వెనక్కి తిరిగి మాకేసి చూసింది. మేమెవరం ఏమీ అనకపోయేసరికి ఇంకో నాలుగు వేసుకుంది. అత్తయ్యగారు పూజ గదిలోంచి, "ఆ కుర్రాణ్ణి ఎందుకే బెదరగొడతావ్, మన పార్సిలే!" అని కేకేశారు. అప్పటినుంచి లిఫ్టు తలుపు తెరుచుకున్నా, ఎదురింటివాళ్ళ గ్యాస్ బండ దొర్లినా, పైనింటావిడ దగ్గినా ఒకటే మొరుగుడు.

రాత్రి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో సెక్రటరీగారు మెసేజ్ పెట్టారు: మూడో అంతస్తు కుక్క వల్ల మధ్యాహ్నం నిద్రలు పోతున్నాయట, తగు చర్య తీసుకోవాలట. మా ఆయన నాకు ఫార్వర్డ్ చేసి పక్కన చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. క్షమించమని రాశాను. రేపటినుంచి కాలింగ్ బెల్లు పాఠం మొదలు. వాచ్‌మన్ వచ్చి బెల్లు నొక్కుతానన్నాడు, నొక్కినందుకు చాయ్. వచ్చేటప్పుడు కార్జం ఇంకో అరకిలో తెమ్మని మా ఆయనకి ఇప్పుడే ఫోన్ చెయ్యాలి.